ఉద్యోగం పోతే చేతికొచ్చేది ఎంత? ఆ పోవడానికి ఏ పేరు పెట్టారన్నదే అసలు లెక్క

హెచ్ఆర్ గదిలోకి పిలుస్తారు. తలుపు వేస్తారు. బల్ల మీద రెండు కాగితాలు ఉంటాయి. ఒకటి రాజీనామా లేఖ. అప్పటికే టైపు చేసి ఉంటుంది, సంతకం ఒక్కటే తక్కువ. రెండోది టెర్మినేషన్ లెటర్. "మీ అంతట మీరే మానేస్తున్నట్టు సంతకం పెట్టండి, రెండు నెలల జీతం ఇచ్చేస్తాం, రిలీవింగ్ లెటర్ కూడా మంచిగా రాస్తాం. లేదంటే మాకు వేరే దారి లేదు" అంటారు. పొమ్మనలేక పొగబెట్టడమనే మాటకి కార్పొరేట్ రూపం ఇది.

ఆ క్షణంలో మనిషికి తట్టే ప్రశ్న ఒక్కటే, ఇప్పుడు నాకు ఎంతొస్తుంది అని. చట్టం మాత్రం దానికి నేరుగా జవాబు చెప్పదు. ఎదురు మూడు ప్రశ్నలు వేస్తుంది. నువ్వు చట్టం దృష్టిలో కార్మికుడివా? నీ ఉద్యోగం ఏ పద్ధతిలో పోయింది? అక్కడ ఎన్నాళ్లు పనిచేశావు? ఈ మూడింటికీ వచ్చే జవాబులను బట్టి ఒకరికి లక్ష దాటొచ్చు, పక్క కుర్చీలోని వాళ్లకి ఒక నెల జీతంతో సరిపెట్టొచ్చు. దీనికి తోడు 2025 నవంబరు 21న నాలుగు కార్మిక కోడ్లు అమల్లోకి వచ్చాయి. 29 పాత చట్టాల స్థానంలో నిలిచిన ఈ కోడ్లతో కొన్ని లెక్కలు మారాయి. మార్పు అన్నిచోట్లా ఒకే దిశలో లేకపోవడంతో అయోమయం పెరిగింది.

లెక్కలు చెప్పుకోవడానికి ఒక ఊహాపాత్రను పెట్టుకుందాం. శ్రీనివాసు మందుల ఫ్యాక్టరీలో మెషీన్ ఆపరేటర్. ఏడేళ్ల ఎనిమిది నెలలుగా పనిచేస్తున్నాడు. నెల జీతం 24,000 రూపాయలు. అందులో బేసిక్ 9,000, ఇంటి అద్దె అలవెన్సు 12,000, రవాణా భత్యం 3,000.

చట్టం ఎవరిని కార్మికుడంటుంది

కార్మికుడు అనగానే మనకు నీలం యూనిఫాం కళ్ల ముందు కదులుతుంది. చట్టం గీసిన గీత అంతకంటే చాలా పెద్దది. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టమైనా, దాని స్థానంలో వచ్చిన 2020 నాటి పారిశ్రామిక సంబంధాల కోడ్ అయినా ఒంటి కష్టం చేసేవాళ్లతో పాటు నైపుణ్యం, సాంకేతికత అవసరమైన పనులు చేసేవాళ్లను, గుమాస్తాలను కూడా కార్మికులుగానే చూస్తాయి. బయట ఉంచేది మేనేజర్ స్థాయి, పరిపాలనా స్థాయి ఉద్యోగులను. సూపర్‌వైజర్లది మధ్యలో ఊగే స్థానం. పాత చట్టంలో నెలకు 10,000 రూపాయలు దాటిన సూపర్‌వైజర్ కార్మికుడు కాదు. కొత్త కోడ్ ఆ పరిమితిని 18,000కు పెంచింది. మందుల కంపెనీల రెప్రజెంటేటివ్‌లు, పత్రికల్లో పనిచేసే జర్నలిస్టులు కూడా ఇప్పుడు ఆ నిర్వచనంలోనే ఉన్నారు.

ఇక్కడ కంపెనీలకు అలవాటైన ఎత్తు ఒకటుంది. గుమాస్తాకు 'అసిస్టెంట్ మేనేజర్' అని పేరు పెట్టి, చేయించేది మాత్రం గుమాస్తా పనే. కోర్టులు విజిటింగ్ కార్డు చూసి నిర్ణయించవు. రోజులో ఎక్కువ సమయం ఏ పని మీద పోతోంది, కింద మనుషులు ఉన్నారా, వాళ్లకు సెలవు మంజూరు చేసే అధికారమో చర్య తీసుకునే అధికారమో ఉందా అని అడుగుతాయి. అలాగని ప్రతి ఉద్యోగీ కార్మికుడైపోడు. టీచర్లు చేసే పని ఈ వర్గాల్లో దేనిలోకీ రాదని సుప్రీంకోర్టు 1988లోనే తేల్చింది.

సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ల సంగతే ఎక్కువ వాదనకు దారితీస్తోంది. కోడ్ రాయడం సాంకేతిక పని కాబట్టి, కింద బృందం లేని ఇంజనీరు కార్మికుడేనని ఉద్యోగ సంఘాలు అంటాయి. స్వతంత్రంగా ఆలోచించి, క్లయింటుతో మాట్లాడి, నిర్ణయాలు తీసుకునే వృత్తి నిపుణుణ్ని ఈ చట్టం ఉద్దేశించలేదని కంపెనీలు అంటాయి. చట్టంలో 'సాంకేతిక' అనే మాట ఉంది, సాంకేతిక పని చేసేవాళ్లకు జీతం పరిమితి లేదు. ఆ రెండూ కలిపి చదివితే సంఘాల వాదనకే బలం ఎక్కువని నాకు అనిపిస్తుంది. అయితే ఏ కేసుకు ఆ కేసు, చేసిన పని సాక్ష్యాల మీదే నిలుస్తుంది.

మన శ్రీనివాసు విషయంలో ఈ తలనొప్పి లేదు. అతను కార్మికుడే.

రాజీనామా, బర్తరఫ్, రిట్రెంచ్‌మెంట్, గడువు తీరడం

ఉద్యోగం పోవడాన్ని మనం ఒకే మాటలో 'తీసేశారు' అంటాం. చట్టంలో దానికి వేర్వేరు పేర్లున్నాయి, ఒక్కో పేరుకీ ఒక్కో ఫలితం ఉంది.

ఉద్యోగి తనంతట తాను మానేస్తే రాజీనామా. తప్పు చేశాడని విచారణ జరిపి శిక్షగా పంపేస్తే బర్తరఫ్. రాసుకున్న కాంట్రాక్టు గడువు తీరి పొడిగించకపోతే అది మరొకటి. ఈ మూడింటిలోకీ రాని తొలగింపును రిట్రెంచ్‌మెంట్ అంటారు. వ్యాపారం మందగించిందన్నా, ఆటోమేషన్ వచ్చిందన్నా, మీ పోస్టు ఇక అవసరం లేదన్నా రిట్రెంచ్‌మెంటే. పదవీ విరమణను మాత్రం అందులోంచి మినహాయించారు.

దీని పరిధి ఇంత విశాలంగా ఉండటానికి ఒక చరిత్ర ఉంది. 1976లో స్టేట్ బ్యాంకు కేసొకటి సుప్రీంకోర్టుకు వెళ్లింది. తాత్కాలిక నియామకం, ముగింపు తేదీ నియామక పత్రంలోనే ఉంది. ఆ తేదీకి ఉద్యోగం దానంతటదే ముగిసింది తప్ప మేము తీసేయలేదని బ్యాంకు వాదన. 'ఏ కారణం చేతనైనా సరే' అని చట్టంలో ఉన్న మాటను పట్టుకుని కోర్టు దాన్నీ రిట్రెంచ్‌మెంటే అన్నది. 1984లో పార్లమెంటు చట్టాన్ని సవరించి, కాంట్రాక్టు గడువు తీరడాన్ని ఆ నిర్వచనంలోంచి తీసేసింది. ఈనాడు పదకొండు నెలల కాంట్రాక్టులు ఇంతగా కనిపించడం వెనక ఆ సవరణ నీడ ఉంది. ఏళ్ల తరబడి ఒకే పనిని పదకొండు నెలల ముక్కలుగా కోసి రాయిస్తే, అది చట్టాన్ని ఎగవేయడానికి చేసిన ఏర్పాటా కాదా అని కోర్టులు పరిశీలిస్తాయి. అది నిరూపించే భారం మాత్రం ఉద్యోగి నెత్తిన పడుతుంది.

కొత్త కోడ్లు 'ఫిక్స్‌డ్ టర్మ్' ఉద్యోగాన్ని బాహాటంగా గుర్తించాయి. గడువు తీరితే రిట్రెంచ్‌మెంట్ పరిహారం ఉండదు. బదులుగా పనిచేసినన్నాళ్లూ పర్మనెంట్ వాళ్లతో సమానమైన జీతభత్యాలు, ఐదేళ్లు పూర్తవ్వాలన్న నిబంధనతో పని లేకుండా పనిచేసిన కాలానికి తగ్గ గ్రాట్యుటీ (సర్వీసుకు గుర్తుగా యజమాని ఇచ్చే సొమ్ము) ఇవ్వాలి. ఇది కాంట్రాక్టు ఉద్యోగికి పాత రోజులకంటే మేలా, లేక పర్మనెంట్ ఉద్యోగాలను నెమ్మదిగా మింగేసే ఏర్పాటా అన్నది వాదం. కంపెనీలు ఫిక్స్‌డ్ టర్మ్‌ను దేనికి బదులు వాడతాయన్న దాని మీద జవాబు ఆధారపడుతుంది. దళారీ కాంట్రాక్టర్ల ద్వారా తీసుకునే మనుషుల స్థానంలో వాడితే మేలు, పర్మనెంట్ పోస్టుల స్థానంలో వాడితే నష్టం.

240 రోజులు, 15 రోజులు

రిట్రెంచ్‌మెంట్ అని తేలితే కంపెనీ మూడు పనులు చేయాలి. కారణం చూపిస్తూ నెల రోజుల ముందు రాతపూర్వక నోటీసు ఇవ్వాలి, లేదా ఆ నెల వేతనం చెల్లించాలి. పూర్తయిన ప్రతి సంవత్సరం సర్వీసుకూ 15 రోజుల సగటు వేతనం చొప్పున పరిహారం కట్టాలి. ప్రభుత్వానికి సమాచారం ఇవ్వాలి. మొదటి రెండూ తొలగింపుతో పాటే జరిగిపోవాలి. పరిహారం తర్వాత పంపిస్తామంటే తొలగింపే చెల్లదని సుప్రీంకోర్టు 1960లో, హాస్పిటల్ మజ్దూర్ సభ కేసులో, చెప్పింది. తర్వాతి ఆరు దశాబ్దాల్లో ఉద్యోగులు గెలిచిన కేసుల్లో చాలావాటికి ఇదే పునాది. కంపెనీ కారణం న్యాయమైనదే అయినా, క్రమం తప్పినందుకు ఓడిపోతుంది.

ఈ రక్షణ రావాలంటే తొలగించిన తేదీకి ముందు పన్నెండు నెలల్లో 240 రోజులు పనిచేసి ఉండాలి. భూగర్భ గనుల్లో అయితే 190. ఆదివారాలు, జీతంతో కూడిన సెలవులు ఇందులో కలుస్తాయని 1985లో తేలింది. లేకపోతే వారానికి ఆరు రోజులు పనిచేసేవాడు కూడా 240 దాటడానికి తొమ్మిది నెలలకు పైగా పట్టేది. 240 రోజులు చేశానని చూపాల్సింది ఉద్యోగే. రోజుకూలీ దగ్గర రికార్డేముంటుంది? కంపెనీ దగ్గరున్న మస్టరు రోలు (హాజరు పట్టీ) తెప్పించమని కోర్టును అడగొచ్చు. ఉండి కూడా తేకపోతే కోర్టు దాన్ని కంపెనీకి వ్యతిరేకంగా తీసుకోవచ్చు. జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంటు, ఈఎస్ఐ, పీఎఫ్ చందాల చిట్టా ఇలాంటిచోటే అక్కరకొస్తాయి.

ఆరు నెలలు దాటిన ముక్కను పూర్తి సంవత్సరంగా లెక్కిస్తారు. కాబట్టి శ్రీనివాసు ఏడేళ్ల ఎనిమిది నెలలు చట్టం దృష్టిలో ఎనిమిదేళ్లు.

15 రోజుల వేతనాన్ని ఎలా కట్టాలన్నది చిన్న తగవులా కనిపిస్తుంది గానీ డబ్బులో తేడా తెస్తుంది. గ్రాట్యుటీకి నెల అంటే 26 పనిదినాలు, కాబట్టి నెల వేతనాన్ని 26తో భాగించి 15తో గుణిస్తారు. రిట్రెంచ్‌మెంట్‌కూ అదే సూత్రం వర్తిస్తుందని చాలామంది అనుకుంటారు. వర్తించదని, అక్కడ 30తోనే భాగించాలని గురు జంభేశ్వర్ యూనివర్సిటీ కేసులో సుప్రీంకోర్టు 2007లో చెప్పింది. ఒకే పదిహేను రోజులు, ఒకే మనిషి, రెండు భాగహారాలు.

ఎవరిని ముందు పంపాలన్న దానికీ క్రమం ఉంది. ఒకే రకం పనిచేసేవాళ్లలో ఆఖరున చేరినవాళ్లు ముందు వెళ్లాలి. కాదని పాతవాళ్లను పంపితే కారణం రికార్డు చేయాలి. ఆ తర్వాత ఆ పనికి మళ్లీ మనుషులను తీసుకుంటే పంపినవాళ్లకే ముందు అవకాశం ఇవ్వాలి. కొత్త కోడ్‌లో ఆ హక్కు ఒక ఏడాది పాటే.

జీతం నిర్వచనం మారితే లెక్క తలకిందులైంది

కోడ్లు వచ్చినప్పుడు 'గ్రాట్యుటీ పెరుగుతుంది' అన్న మాట అన్ని టీవీల్లోనూ వినిపించింది. నిజమే. దాని వెనకే మరొకటి తగ్గే వీలుందన్న సంగతి పెద్దగా ఎవరూ చెప్పలేదు.

పాత పద్ధతిలో ఒక్కో చట్టానికి ఒక్కో వేతనం. గ్రాట్యుటీ చట్టం బేసిక్, డీఏ (కరువు భత్యం)లను మాత్రమే చూసేది. పారిశ్రామిక వివాదాల చట్టం మాత్రం ఉద్యోగికి రావాల్సిన అలవెన్సులన్నింటినీ వేతనంలో కలిపేది. ఇప్పుడు నాలుగు కోడ్లకూ ఒకే నిర్వచనం. బేసిక్, డీఏ, రిటైనింగ్ అలవెన్సు (పని లేని కాలంలో మనిషిని నిలుపుకోవడానికి ఇచ్చే భత్యం) వేతనం. ఇంటి అద్దె, రవాణా, ఓవర్‌టైం, కమిషన్, బోనస్ లాంటివి వేతనం కాదు. అయితే ఇలా పక్కన పెట్టినవి మొత్తం జీతంలో సగం దాటితే, దాటినంత మేర తిరిగి వేతనంలో కలపాలి.

శ్రీనివాసుకు దీన్ని వర్తింపజేద్దాం. 24,000లో పక్కన పెట్టే అలవెన్సులు 15,000. సగం అంటే 12,000. దాటిన 3,000 తిరిగి బేసిక్‌లో కలుస్తుంది. కాబట్టి కోడ్ ప్రకారం అతని వేతనం 12,000.

గ్రాట్యుటీ చూడండి. పాత పద్ధతిలో 9,000 బేసిక్ మీద ఎనిమిదేళ్లకు 41,538 రూపాయలు. కొత్త పద్ధతిలో 12,000 మీద 55,385. దాదాపు 14,000 లాభం.

ఇక రిట్రెంచ్‌మెంట్ పరిహారం. పాత చట్టంలో 24,000 మీద ఏడాదికి 12,000 చొప్పున ఎనిమిదేళ్లకు 96,000. కొత్త కోడ్ అక్షరాలను ఉన్నదున్నట్టు చదివితే 12,000 మీద ఏడాదికి 6,000 చొప్పున 48,000.

రెండూ కలిపితే పాతది 1,37,538, కొత్తది 1,03,385. ఒక జేబులో పద్నాలుగు వేలు వేసి, ఇంకో జేబులోంచి నలభై ఎనిమిది వేలు తీసుకున్నట్టయింది. అలవెన్సుల వాటా జీతంలో సగానికి చేరేదాకా ఈ తేడా పెరుగుతుంది, సగం దాటాక గ్రాట్యుటీ లాభం పెరుగుతూ దాన్ని తగ్గిస్తుంది. 15 రోజుల బదులు వేరే సంఖ్యను ప్రకటించే అధికారాన్ని కోడ్ ప్రభుత్వాల చేతిలో పెట్టింది కాబట్టి, ఈ లోటును పూడ్చే దారి చట్టంలోనే ఉంది.

ఇదే నిర్వచనం మరోచోట ఉద్యోగికి కలిసొస్తుంది. నెలకు 30,000 తీసుకునే సూపర్‌వైజర్‌ను చూడండి. అందులో బేసిక్ 15,000, మిగతాది ఇంటి అద్దె, రవాణా అనుకుందాం. కోడ్ ప్రకారం అతని వేతనం 15,000 మాత్రమే. అంటే 18,000 పరిమితిలోపే ఉన్నాడు, కార్మికుడే. పాత చట్టంలో అతనికి గుమ్మం దాటే వీలే లేదు.

కొత్తగా మరొకటి చేరింది, రీస్కిల్లింగ్ ఫండ్. రిట్రెంచ్ చేసిన ప్రతి కార్మికుడికీ 15 రోజుల చివరి వేతనాన్ని యజమాని ఆ నిధికి జమచేయాలి. 45 రోజుల్లో అది కార్మికుడి ఖాతాకు చేరాలి. ఇది పరిహారానికి అదనం. శ్రీనివాసుకు సుమారు 6,000.

వంద నుంచి మూడు వందలకు

పెద్ద ఫ్యాక్టరీలు, గనులు, తోటలకు మరింత కట్టుదిట్టమైన నియమం ఉండేది. వంద మంది కార్మికులున్న చోట రిట్రెంచ్‌మెంట్‌కు ప్రభుత్వ అనుమతి ముందే తీసుకోవాలి, మూడు నెలల నోటీసు ఇవ్వాలి. కొత్త కోడ్ ఆ వందను మూడు వందలు చేసింది. అనుమతి కోరిన 60 రోజుల్లో ప్రభుత్వం ఏదీ తేల్చకపోతే ఇచ్చినట్టే భావించాలన్న నియమం మాత్రం కొనసాగుతోంది.

పరిశ్రమల వాదన ఇలా ఉంటుంది. వంద అనే గీత ఉన్నందువల్ల కంపెనీలు 99 దగ్గరే ఆగిపోతున్నాయి, లేదా కాంట్రాక్టు కార్మికులతో నెట్టుకొస్తున్నాయి. మనిషిని తీసేయడం అసాధ్యమైతే తీసుకోవడానికే భయపడతారు. రాజస్థాన్ 2014లోనే ఈ పరిమితిని 300కు పెంచింది. ఆ తర్వాత అక్కడ పెద్ద ఫ్యాక్టరీలు పెరిగాయని 2018-19 ఆర్థిక సర్వే చూపించింది.

సంఘాలు దీనికి రెండు జవాబులిస్తాయి. అనుమతి నియమం తొలగింపును ఆపడం కంటే బేరమాడే బలాన్ని ఇచ్చేది, ఇప్పుడు ఆ బలం మూడు వందల లోపు ఫ్యాక్టరీల్లో పోయింది. పైగా స్టాండింగ్ ఆర్డర్ల పరిమితి కూడా మూడు వందలకు పెరగడంతో, క్రమశిక్షణకు రాసిపెట్టిన నియమావళి లేని చోట్లు పెరుగుతాయి. నన్నడిగితే, 299 మంది ఉన్న ఫ్యాక్టరీలో ఈ రెండోదే ఎక్కువ బాధిస్తుంది. మూకుమ్మడి తొలగింపు ఏ పదేళ్లకో ఒకసారి వస్తుంది. మెమోలు, సస్పెన్షన్లు నెలనెలా ఉంటాయి.

కార్మికుడు కానివాళ్లకు మిగిలేది

నిజమైన మేనేజర్‌కు రిట్రెంచ్‌మెంట్ పరిహారం లేదు. అతనికి నియామక పత్రమే చట్టం. అందులో మూడు నెలల నోటీసని ఉంటే మూడు నెలలు, ఒక నెల అని ఉంటే ఒక నెల. వ్యక్తిగత సేవల ఒప్పందాన్ని బలవంతంగా అమలు చేయించకూడదన్నది మన దేశంలో స్థిరపడిన సూత్రం. అంటే ప్రైవేటు కంపెనీ మేనేజర్‌ను తిరిగి ఉద్యోగంలోకి తీసుకోమని సివిల్ కోర్టు సాధారణంగా చెప్పదు. నష్టపరిహారం కూడా ఎక్కువగా నోటీసు కాలపు జీతానికే పరిమితమవుతుంది.

తెలుగు రాష్ట్రాల్లో వీళ్లలో కొందరికి మధ్యేమార్గం ఒకటుంది, చాలామందికి తెలియదు. 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం రెండు రాష్ట్రాల్లోనూ ఉంది. కిరాణా కొట్లకే అనుకుంటాం గానీ ఆఫీసులు కూడా దీని కిందికే వస్తాయి. ఆరు నెలలు దాటిన ఉద్యోగిని సహేతుక కారణం లేకుండా, నెల నోటీసు లేదా ఆ నెల వేతనం ఇవ్వకుండా తొలగించకూడదని అది చెబుతుంది. తొలగించిన ఉద్యోగి కార్మిక శాఖ అధికారి ముందు అప్పీలు వేసుకోవచ్చు. ఈ చట్టంలో 'ఉద్యోగి' నిర్వచనం 'కార్మికుడు' కంటే విశాలం. కాబట్టి కార్మికుడా కాదా అన్న తగవులో పడకుండానే తలుపు తట్టే వీలు ఇక్కడ ఉంది.

తప్పు చేశాడని తీసేస్తే

దొంగతనం, దాడి, మోసం లాంటి ఆరోపణ మీద బర్తరఫ్ చేస్తే నోటీసు లేదు, పరిహారం లేదు. అందుకే విచారణ ఉండాలి. చార్జిషీటు, సమాధానానికి గడువు, సాక్షులను ప్రశ్నించే అవకాశం, విచారణ నివేదిక ప్రతి అందులో భాగం. విచారణ సమయంలో సస్పెండ్ చేస్తే మొదటి 90 రోజులు సగం వేతనం, ఆలస్యానికి కార్మికుడు కారణం కాకపోతే ఆపై 75 శాతం జీవనభృతి కట్టాలి. విచారణ సక్రమంగానే జరిగినా, శిక్ష తప్పుకు మించి ఉందనిపిస్తే తగ్గించే అధికారం లేబర్ కోర్టుకు 1971 నుంచి ఉంది.

బర్తరఫ్ అయితే గ్రాట్యుటీ పోతుందన్నది కంపెనీలు తరచూ వాడే బెదిరింపు. దానంతటదే పోదు. నష్టం కలిగించి ఉంటే ఆ నష్టం మేరకు కోసుకోవచ్చు. హింసాత్మక ప్రవర్తన, నైతిక పతనంతో కూడిన నేరం అయితే మొత్తంగా గానీ కొంత గానీ ఆపొచ్చు. నేరం అన్నారు కాబట్టి క్రిమినల్ కోర్టులో శిక్ష పడాలని సుప్రీంకోర్టు 2018లో అన్నది. 2025 ఫిబ్రవరిలో వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ కేసులో మాత్రం క్రిమినల్ శిక్ష అక్కర్లేదని, శాఖాపరమైన విచారణలో తేలినా చాలని చెప్పింది. ఉద్యోగి వైపు నుంచి చూస్తే, కంపెనీ జరిపే అంతర్గత విచారణను తేలిగ్గా తీసుకునే రోజులు దాంతో పోయాయి.

కోర్టు ఉద్యోగమిస్తుందా, డబ్బిస్తుందా

తొలగింపు చెల్లదని తేలితే ఏం రావాలి? 2013లో మహారాష్ట్ర టీచర్ కేసులో సుప్రీంకోర్టు, తిరిగి ఉద్యోగం, పాత బకాయి జీతం ఇవ్వడమే సాధారణ నియమమని చెప్పింది. ఈ మధ్యలో వేరే సంపాదన లేదని ఉద్యోగి చెబితే, ఉందని నిరూపించాల్సింది యజమానే. అదే ఏడాది చివర్లో బీఎస్ఎన్ఎల్ కేసులో మరో దారి బలపడింది. రోజుకూలీ విషయంలో నోటీసు, పరిహారం ఇవ్వలేదన్న లోపం ఒక్కటే ఉంటే, తిరిగి ఉద్యోగానికి బదులు మొత్తంగా కొంత డబ్బు ఇప్పించడమే తగినదని. పర్మనెంట్ పోస్టులో ఉన్నవాళ్లకు మొదటి నియమం, రోజుకూలీలకు రెండోది. ఈ మధ్యలో ఉన్న లక్షలాది మంది ఏ పక్కకు మొగ్గుతారన్నది వాళ్ల నియామక పత్రం మీద, సర్వీసు పొడవు మీద ఆధారపడుతుంది.

ఈ దారిలో మొదటి మెట్టు కార్మిక శాఖలోని కన్సీలియేషన్ అధికారి, అంటే రాజీ కుదిర్చే అధికారి. అక్కడ 45 రోజుల్లో రాజీ కుదరకపోతే పారిశ్రామిక ట్రిబ్యునల్. పాత చట్టంలో తొలగించిన తేదీ నుంచి మూడేళ్ల లోపు లేబర్ కోర్టుకు నేరుగా వెళ్లే వీలుండేది. కొత్త కోడ్‌లో వివాదాన్ని రెండేళ్ల లోపే అధికారి ముందుకు తేవాలి. 2025 నవంబరు 21కి ముందు తొలగించినవాళ్ల హక్కులు పాత చట్టం ప్రకారమే.

గొడవ లేకుండా రావాల్సినవి

ఏ పేరుతో బయటికి వచ్చినా కొన్ని ఆగకూడదు. చివరి వేతనం రెండు పనిదినాల్లో చెల్లించాలని వేతనాల కోడ్ చెబుతుంది. రాజీనామా చేసినా అంతే. 'ఫుల్ అండ్ ఫైనల్ 45 రోజులకు' అన్నది కంపెనీల అలవాటు మాత్రమే. గ్రాట్యుటీ 30 రోజుల్లో రావాలి, ఆలస్యమైతే వడ్డీ కలపాలి. వాడని వార్షిక సెలవుల సొమ్ము కూడా కార్మికుడికి రావాలి. పీఎఫ్‌లో 75 శాతం వెంటనే, మిగతాది ఏడాది నిరుద్యోగం తర్వాత తీసుకునేలా ఈపీఎఫ్ ధర్మకర్తల మండలి 2025 అక్టోబరులో నిర్ణయించింది. రిట్రెంచ్‌మెంట్ పరిహారానికి చట్టం లెక్క మేరకు, 5 లక్షల వరకు ఆదాయపన్ను మినహాయింపు ఉంది. స్వచ్ఛందంగా ఇచ్చామని కంపెనీ రాసే ఎక్స్‌గ్రేషియాకు అది వర్తించదు.

మళ్లీ ఆ గదిలోకి

శ్రీనివాసు ముందు ఇప్పుడు ఆ రెండు కాగితాలే ఉన్నాయి. రాజీనామాకు కంపెనీ ఇస్తానంటున్న రెండు నెలల జీతం 48,000. గ్రాట్యుటీ 55,385 ఎలాగూ వస్తుంది. మొత్తం 1,03,385.

రిట్రెంచ్‌మెంట్ కాగితం తీసుకుంటే పరిహారం 48,000, గ్రాట్యుటీ 55,385. మొత్తం 1,03,385. రూపాయి తేడా లేదు. కంపెనీ దయతో ఇస్తున్నానన్నది, కొత్త చట్టం ఎలాగూ ఇవ్వమన్న మొత్తమే. ఆ పైన రిట్రెంచ్‌మెంట్‌లో ఒక నెల నోటీసు లేదా వేతనం, రీస్కిల్లింగ్ నిధి నుంచి 6,000, ఏడాదిలోపు అదే పనికి మళ్లీ తీసుకుంటే ముందు వరుసలో పేరు, 48,000 మీద పన్ను మినహాయింపు, తొలగింపు సరైనదా అని రెండేళ్లలోపు అడిగే హక్కు ఉంటాయి. రాజీనామా సంతకంతో ఇవన్నీ ఆ గదిలోనే ఆగిపోతాయి.

సంతకం బెదిరించి పెట్టించారని తర్వాత నిరూపిస్తే కోర్టులు రాజీనామాను పక్కన పెట్టిన సందర్భాలున్నాయి. అందుకు ఆ రోజో మరునాడో ఈ-మెయిల్‌లో అభ్యంతరం చెప్పాడా, ఆ 48,000 ఏమీ అనకుండా తీసుకున్నాడా, ఎన్నాళ్లకు ఫిర్యాదు చేశాడు అన్నవి చూస్తారు. ఆరు నెలలు ఊరుకుని వెళ్తే, బలవంతం అన్న మాట నమ్మించడం కష్టం. రాజీనామా కాగితం కింద తేదీ, పక్కన 'నా ఇష్టపూర్వకంగా' అన్న రెండు మాటలు హెచ్ఆర్ వాళ్లు ముందే టైపు చేసి ఉంచేది దీనికోసమే.